దారి తప్పించే కోటల మీద ఇంత బెంగ ఎందుకు?

మహబూబ్‌నగర్ జిల్లా కోయిలకొండ కోటకు తూర్పు వైపు నుంచి మెట్లదారిన పోతే ఏడు దర్వాజాలు దాటాలి. మొదటి దర్వాజా దగ్గర ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు 1550 నాటి శాసనం ఉంది. నాలుగోది దాటితే పాడుబడ్డ మహలు వస్తుంది. ఏడోది దాటాక గానీ మసీదు, ఈద్గా కనబడవు. గుట్ట కింద నిలబడి చూసినవాళ్లకు ఇవేవీ తెలియవు. ఎక్కిన కొద్దీ కోట తన లోపలి సంగతులు కొంచెం కొంచెంగా చెబుతుంది.

పాత సాహస వీడియో గేములు ఆడి పెరిగినవాళ్లు ఇప్పటికీ బెంగపడేది సరిగ్గా ఇలాంటి చోటు కోసమే. నేలమాళిగ కావచ్చు, పాడుబడ్డ గుడి కావచ్చు, గుహ కావచ్చు. బయటపడడానికి గంటలు పట్టే ఒకే ఒక పెద్ద కట్టడాన్ని వాళ్లు డంజన్ అంటారు.

ఈ ఆటల పుట్టుకే ఒక నిజమైన గుహలో జరిగింది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మామత్ కేవ్ అనే మహా గుహల వరస ఉంది. విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్‌కు ఆ గుహల్లో తిరగడం, కొలతలు తీసి పటాలు గీయడం ఇష్టమైన పని. 1970ల నడుమ ఆయన తన కూతుళ్ల కోసం రాసిన కంప్యూటర్ ఆటలో ఆ గుహనే దించాడు. అందులో బొమ్మలు లేవు, అన్నీ మాటలే. అయినా ఏ సందు ఎక్కడికి పోతుందో అందులో చాలావరకు అసలు గుహలో ఉన్నట్టే ఉంటుంది. తర్వాత డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. అడ్వెంచర్ గేములన్న జాతికి ఆ పేరు వచ్చింది ఈ ఆట నుంచే.

మన పట్టణాల పిల్లల్లో చాలామందికి మొదట తెలిసిన డంజన్ మాత్రం 1989లో జోర్డాన్ మెక్‌నర్ తయారుచేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా. కంప్యూటర్ నేర్పే సెంటర్‌లో సార్ అటు తిరగగానే తెర మీదికి వచ్చేది అదే. చెరసాలలో పడ్డ కుర్రవాడు అరవై నిమిషాల్లో రాకుమారిని చేరాలి. పటం ఉండదు. నేల మీద ఒక పలక తొక్కితే ఎక్కడో గేటు లేస్తుంది, ఇంకో పలక తొక్కితే మూతపడుతుంది. లేచిన గేటు కూడా మెల్లగా దిగిపోతూ ఉంటుంది. ఏ పలక ఏ గేటుదో బుర్రలో పెట్టుకోవాలి, లేదా నోటుబుక్కు వెనక పేజీలో గీసుకోవాలి.

జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ జెల్డా వరస ఆటల్లో ఈ విద్య ఇంకా ముదిరింది. 1998 నాటి ఒకారినా ఆఫ్ టైమ్‌లో నీటి గుడి ఉంటుంది. గుడి మొత్తంలో నీళ్లు మూడు మట్టాల్లో నిలుస్తాయి. మూడు వేర్వేరు చోట్లకు పోయి, అక్కడ ఒక పాట వాయించి మట్టం మార్చాలి. నీళ్లు దిగితే నిన్న ఈదిన గది ఇవాళ నడిచే గది అవుతుంది. పైకెక్కితే, అందని అరుగు అందుతుంది. మధ్యలో దొరికే గొలుసు కొక్కెంతో, మొదట్లో చూసి వదిలేసిన చోటుకు మళ్లీ వెళ్లాలి. అంటే ముందుకు పోవడం ఎంత ముఖ్యమో వెనక్కి రావడమూ అంతే ముఖ్యం. ఆ గుడి మొత్తం మనసులో ఒక్క బొమ్మగా నిలిచినప్పుడే తలుపులు తెరుచుకుంటాయి.

ఆ గుడిని తిట్టుకున్నవాళ్లూ చాలామందే ఉన్నారు. తిట్లకు కారణం దాని పెద్దతనం కాదని నా అభిప్రాయం. నీళ్లలో మునగడానికి ఇనుప బూట్లు తొడగాలి, తేలడానికి విప్పాలి. ప్రతిసారీ ఆట ఆపి మెనూ తెరవాల్సి వచ్చేది. 2011లో కొత్త రూపంలో విడుదల చేసినప్పుడు బూట్లను ఒక్క తాకుడుతో తొడిగే ఏర్పాటు చేశారు, నీటి మట్టం మార్చే చోట్లకు దారి చూపే రంగు గీతలు గోడల మీద గీశారు. గుడిని కుదించలేదు. రోగం ఎక్కడుందో తయారీదారులకు తెలుసు.

మరి ఈమధ్య ఆటల్లో పెద్ద డంజన్లు ఎందుకు తగ్గాయి? అదే జెల్డా వరసలోని 2017 నాటి బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో ఆటగాడు ఎటైనా పోవచ్చు, ఏదైనా ముందు చేయొచ్చు. అంత స్వేచ్ఛ ఇచ్చాక, ఎవరి చేతిలో ఏ పనిముట్టు ఉంటుందో ముందే ఊహించి తాళాలు పేర్చడం కష్టం. అందుకే 120 చిన్న గుడులు వచ్చాయి. చాలావరకు ఒక్కో చిక్కుముడి, కొద్ది నిమిషాల పని, అన్నింటికీ ఒకే రంగు గోడలు. బస్సు కోసం ఎదురుచూస్తూ ఒకటి ముగించొచ్చు. అదీ ఒక సుఖమే, కాదనను. కానీ ఆ 120లో ఏ గది ఏ గుడిదో వారం తర్వాత చెప్పగలిగేవాళ్లు అరుదు. 2023లో వచ్చిన తర్వాతి ఆటలో పెద్ద గుడులు తిరిగొచ్చినా, వాటిలో పని ఎక్కువగా నాలుగైదు మీటలను ఏ వరసలోనైనా తిప్పడమే. గది గదికీ ముడిపడే ఆ పాత అల్లిక పూర్తిగా రాలేదు.

తెలుగువాళ్లకు ఈ రుచి కొత్తదేమీ కాదు. 1951లోనే పాతాళ భైరవి సినిమాలో తోటరాముడు నేపాళ మాంత్రికుడి వెంట గుహకు పోయాడు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు చదివినవాళ్లకు పాడుబడ్డ కోటలు, గుహలు సొంత ఊళ్లంత పరిచయం. భువనగిరి కోట నుంచి గోల్కొండకు సొరంగం ఉందని పెద్దలు ఈనాటికీ చెబుతారు. అది నిజమో కాదో పక్కన పెట్టండి, ఆ మాట విన్న పిల్లవాడు కోటలో ప్రతి చీకటి మూలనూ తొంగి చూస్తాడు.

హైదరాబాద్‌లో గేములు తయారుచేయడం నేర్చుకుంటున్న యువతకు నా విన్నపం ఇదే. మీ మొదటి డంజన్ కోసం పరాయి ఆటల్లో వెతకకండి. క్రౌథర్ చేసినట్టు టేపు, కాగితం పట్టుకుని చలికాలం పొద్దున్నే కోయిలకొండ ఎక్కండి, రేచర్ల పద్మనాయకుల దేవరకొండకూ పోండి. ఏ మలుపులో ముందరి దర్వాజా కనబడకుండా పోతుందో, ఎక్కడి నుంచి చూస్తే వచ్చిన దారి అర్థమవుతుందో రాసుకోండి. మంచినీళ్లు వెంట ఉంచుకోండి, పైన దొరకవు.