పోత పోయలేని గాజు

అత్తిలి, తణుకు, భీమవరం మధ్య ఏ ఊళ్లో ఆగినా ఒక మంచినీళ్ల ప్లాంటు కనిపిస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసి, ఊరి చెరువు అడుగంటే రోజుల్లో ఇరవై లీటర్ల టిన్ను పట్టుకుని జనం వరస కట్టేది అక్కడే. ఇసుక ఫిల్టరు, బొగ్గు ఫిల్టరు, పొడవాటి మెంబ్రేన్లు దాటాక, నీళ్లు కుళాయికి చేరేముందు గోడకు బిగించిన ఒక స్టీలు గొట్టంలోంచి వెళ్తాయి. అందులో యూవీ ల్యాంపు వెలుగుతుంటుంది. ఆ దీపానికి నీళ్లు తగలకుండా మధ్యలో ఒక పారదర్శక గొట్టం ఉంటుంది. ఒక కొస గుండ్రంగా మూసి ఉంటుంది, రెండోది తెరిచి ఉంటుంది. లావు బొటనవేలికి కొంచెం ఎక్కువ, గోడ మందం ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్లు. చూడ్డానికి ట్యూబులైటు గాజులాగే ఉన్నా అది మామూలు గాజు కాదు. పలుగురాయిని కరిగించి లాగిన గొట్టం. ఫ్యూజ్డ్ క్వార్ట్జ్ అంటారు.

మామూలు గాజు ఎందుకు పనికిరాదో ముందు చూద్దాం. ఆ దీపంలోని పాదరస ఆవిరి 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని వెదజల్లుతుంది. అది సూక్ష్మక్రిమిలోకి వెళ్లి డీఎన్ఏలో పక్కపక్కనున్న థైమిన్లను ఒకదానికొకటి అతికించేస్తుంది. అతుకుపడ్డ డీఎన్ఏకి నకలు తీయడం కుదరదు కాబట్టి క్రిమి బతికున్నా సంతానం ఉండదు. కిటికీ అద్దాన్ని అడ్డం పెడితే మాత్రం ఆ కాంతి అద్దంలోనే ఆగిపోతుంది. అద్దంలో సిలికా నూటికి 70–75 పాళ్లు, మిగతాది చాలావరకు సోడా, సున్నం. తక్కువ వేడికే కరగడానికని కలిపిన ఆ సరుకూ, ఇసుకతోపాటు వచ్చిన ఇనుమూ అతినీలలోహితాన్ని మింగేస్తాయి. అచ్చంగా సిలికా ఒక్కటే ఉంటే అదే కాంతి నూటికి 90 పాళ్లకు పైగా దాటిపోతుంది. పోయే ఆ కొంచెం కూడా గాజు తినేది కాదు, రెండు ఉపరితలాల మీద తిరిగి మెరిసిపోయేదే.

ఈ గొట్టానికి ఇంకో పని కూడా ఉంది. అల్పపీడన పాదరస దీపం దాని గోడ 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. చల్లటి నీళ్లు నేరుగా తగిలితే కాంతి తగ్గుతుంది. గొట్టానికీ దీపానికీ మధ్యనున్న గాలి పొర ఆ వేడిని కాస్తుంది. ఇన్ని చేసే గొట్టాన్ని మురికిగా వదిలేస్తే అన్నీ దండగే. నీటిలోని ఇనుము, సున్నం దాని మీద గోధుమరంగు పొరగా పేరుకుంటాయి, ఆ పొర వెనక దీపం నీలంగా వెలుగుతూనే ఉంటుంది. కంటికి కనిపించే నీలానికీ క్రిముల్ని దెబ్బతీసే కాంతికీ సంబంధం లేదు కదా! అందుకే గొట్టాన్ని అప్పుడప్పుడు బయటికి తీసి నిమ్మ ఉప్పు నీళ్లతో కడగాలి. పట్టుకునేటప్పుడే కోసిన అంచు వైపు నుంచి ఓసారి చూడండి. పచ్చటి ఛాయ కనిపిస్తే అది క్వార్ట్జ్ కాదు, మామూలు గాజు అంటగట్టారన్నమాట.

ఈ బెడద మొత్తాన్నీ తప్పించాలనుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. 1992లో మద్రాసులో బయటపడ్డ కొత్త రకం కలరా బంగాళాఖాతం తీరం వెంబడి పాకిపోయింది. ఆ వార్తలు కలచివేయగా అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పనిచేస్తున్న అశోక్ గాడ్గిల్ పల్లెలకు పనికొచ్చే యూవీ పరికరం ఒకటి తయారుచేశాడు. అందులో దీపం నీళ్లలో మునగదు. తొట్టెలో పారే నీటికి పైన, గాలిలో వేలాడుతుంది. మునగనప్పుడు క్వార్ట్జ్ తొడుగు అక్కర్లేదు, పేరుకునే పొర బాధా లేదు. ఆ పద్ధతితో వాటర్‌హెల్త్ సంస్థ, నాంది ఫౌండేషన్ కలిసి సుమారు రెండు దశాబ్దాల కిందట అప్పటి కృష్ణా జిల్లా బొమ్మినంపాడులో నీటికేంద్రం పెట్టాయి. అయితే ఆ పద్ధతి తీసేసింది తొడుగునే, మామూలు గాజు పనికిరాదన్న చిక్కును కాదు. దీపం గొట్టమే అతినీలలోహితాన్ని బయటికి వదిలేదిగా ఉండాలి.

ఇంతకీ పలుగురాయి కరగడానికి ఎందుకంత మొండికేస్తుంది? అందులో ప్రతి సిలికాన్ పరమాణువునూ నాలుగు ఆక్సిజన్లు పట్టుకుని ఉంటాయి, ప్రతి ఆక్సిజనూ రెండు సిలికాన్లను కలుపుతుంది. ఎక్కడా తెగని అల్లిక అది. వేడి చేస్తూ పోతే ముందు 573 డిగ్రీల దగ్గర స్ఫటికం అమరిక మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది, తొందరపడితే రాయి చిట్లిపోతుంది. 1,700 డిగ్రీలు దాటాకే కరుగుతుంది. కరిగినా నీళ్లలా పారదు. ముదిరిన బెల్లం పాకంలా సాగుతుందే తప్ప అచ్చులోకి పోస్తే నిండదు. ఇంకా వేడి పెంచుదామంటే సిలికాయే విడిపోయి ఆవిరవుతుంది, కరుగులో బుడగలు లేస్తాయి. ఆ బుడగలు అంత చిక్కదనంలో పైకి తేలవు కూడా. లాగడానికి వీలుగా మెత్తబడాలంటే 2,000 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి, మరీ పైకి పోకూడదు. ఈ చిన్న సందులోనే పనంతా జరగాలి.

అందుకే చాలాకాలం దీంతో ఆడుకున్నవాళ్లే గాని గొట్టాలు చేసినవాళ్లు లేరు. 1839లో ఫ్రాన్సులో గోడాఁ ఆక్సీహైడ్రోజన్ మంటలో పలుగురాయిని కరిగించి పోగులు లాగాడు. 1887లో లండన్‌లో సి.వి. బాయిస్ చేసిన పని నాకు మరీ ఇష్టం. గాలి కదలికంత చిన్న బలాలను కొలవడానికి ఆయనకు మెలితిప్పితే సరిగ్గా అంతే వెనక్కి తిరిగే సన్నని పోగు కావాల్సి వచ్చింది. చేతితో లాగితే అంత సన్నం రాదు. చిన్న విల్లు తయారుచేసి, గడ్డిపుల్ల బాణం తోకకు క్వార్ట్జ్ కడ్డీ కొస అంటించి, మంటలో మెత్తబడగానే బాణం వదిలాడు. దాని వెనకాల 90 అడుగుల పోగు సాగింది. మందం అంగుళంలో పదివేలవ వంతు. అలాంటి పోగులతోనే తర్వాత ఆయన గురుత్వాకర్షణ స్థిరాంకాన్ని మళ్లీ కొలిచాడు.

బాణంతో పోగులు వస్తాయి గాని గొట్టాలు రావు. 1899లో జర్మనీ హనావు పట్టణంలోని హెరేయస్ కంపెనీలో రిచర్డ్ క్యూఖ్ స్ఫటికాన్ని ఆక్సీహైడ్రోజన్ మంటలో బుడగలు లేకుండా కరిగించే దారి పట్టాడు. కొన్నేళ్లకే క్వార్ట్జ్ పాదరస దీపం వచ్చింది. 1910లో ఫ్రాన్సులోని మార్సెయ్‌లో ఊరి నీటిని యూవీతో శుద్ధి చేశారు. అక్కడినుంచి సమస్య కరిగించడం కాదు, మొదటి మీటరుకూ వెయ్యో మీటరుకూ తేడా లేకుండా తీయడం.

ఇప్పుడు ఆ పని ఇలా సాగుతుంది. నిలువుగా నిలబెట్టిన కొలిమిలో టంగ్‌స్టన్‌తోగాని మాలిబ్డినంతోగాని చేసిన పెద్ద మూస ఉంటుంది. పైనుంచి శుద్ధిచేసిన క్వార్ట్జ్ ఇసుక ఆగకుండా పడుతుంటుంది, లోపల కరుగుతూ మెల్లగా కిందికి దిగుతుంది. కొలిమి నిండా హైడ్రోజన్ ఉంటుంది. గాలి తగిలితే ఆ వేడికి మూస తగలబడిపోతుంది కాబట్టి అది కాపలా. దాంతో ఇంకో లాభం కూడా ఉంది. ఇసుక రేణువుల మధ్య చిక్కుకున్న వాయువు హైడ్రోజనే అయితే, ఆ చిన్న అణువు సిలికా అల్లికలోని సందుల్లోంచి జారుకుంటుంది, బుడగ దానంతటదే మూసుకుపోతుంది. గాలి బుడగ అయితే అలా పోదు. పోకపోతే గొట్టంతోపాటు అదీ సాగుతుంది. గుండుసూది తలంత బుడగ గొట్టం పొడవునా వెంట్రుక లాంటి గీతగా మారిపోతుంది. చవక రకం తొడుగును వెలుతురుకు పట్టి చూస్తే ఆ గీతలు కనిపిస్తాయి.

మూస అడుగున ఒక రంధ్రం, దాని నడిమధ్యన ఒక దిమ్మ. కరిగిన సిలికా రెంటికీ మధ్యనున్న వలయంలోంచి దిగి గొట్టమవుతుంది. దిమ్మలోనూ సన్నని దారి ఉంటుంది, దాంట్లోంచి గొట్టం లోపలికి వాయువు ఊదుతారు. కింద రెండు పట్టీలు గొట్టాన్ని పట్టుకుని ఒకే వేగంతో లాగుతుంటాయి. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏమిటంటే, రంధ్రం సైజు గొట్టం సైజు కాదు. రంధ్రం దాటిన తర్వాత కూడా గొట్టం మెత్తగానే ఉంటుంది, సాగుతూ సన్నబడుతూ గడ్డకడుతుంది. ఎంత లావుంటుంది, గోడ ఎంత మందం అనేవి మూడింటి మీద ఆధారపడతాయి. కరుగు ఎంత దిగుతోంది, పట్టీలు ఎంత వేగంగా లాగుతున్నాయి, లోపల వాయువు ఎంత ఒత్తిడితో తోస్తోంది. అచ్చు లేని చోట ఆకారాన్ని నిలబెట్టేది ఈ బేరమే.

చిన్న లెక్క వేద్దాం. లాగే వేగం నూటికి ఒక పాలు పెరిగితే, దిగే సరుకు అంతే కాబట్టి గొట్టం కోత వైశాల్యం ఒక పాలు తగ్గుతుంది, లావు అర పాలు తగ్గుతుంది. 25 మిల్లీమీటర్ల గొట్టంలో అది మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఫరవాలేదు, సర్దుకోవచ్చు. వేడి అలా కాదు. 2,000 డిగ్రీల దగ్గర పది డిగ్రీలు పెరిగితే సిలికా చిక్కదనం దాదాపు ఎనిమిదో వంతు పడిపోతుంది. అంతమేర కరుగు ఎక్కువగా దిగుతుంది. వేగం మార్చకపోతే గొట్టం మిల్లీమీటరుకు పైగా ఉబ్బుతుంది. అలాంటి తొడుగు మన స్టీలు గొట్టం మూతలోని రబ్బరు రింగులో దూరదు, బలవంతాన దూరిస్తే పగులుతుంది. రెండువేలలో పది అంటే నూటికి అర పాలు. కొలిమిని అంతకంటే నిలకడగా ఉంచాలి, రోజుల తరబడి. కింద లేజరు కొలమానం గొట్టం లావును చూస్తూ ఉంటుంది, తేడా కనపడగానే పట్టీల వేగాన్ని సవరిస్తారు. వేగంతో లావును దిద్దుతారు, వాయువు ఒత్తిడితో లావుకూ గోడకూ ఉన్న నిష్పత్తిని దిద్దుతారు. దిమ్మ వెంట్రుకవాసి పక్కకు జరిగితే మాత్రం ఈ రెండూ ఏమీ చేయలేవు. గోడ ఒకవైపు మందం, ఒకవైపు పలచన అవుతుంది. ఒకవైపు ముందుగా చల్లారితే గొట్టం విల్లులా వంగుతుంది.

కడ్డీ తీయడం ఇంతకంటే సులువు. దిమ్మ తీసేస్తే వచ్చేది కడ్డీయే. తలతన్యత కడ్డీని గుండ్రంగా చేసి పెడుతుంది. గొట్టం విషయంలో అదే తలతన్యత శత్రువు, బోలును మూసేయాలని చూస్తుంది. లోపల వాయువు తోస్తూ ఉండాల్సింది అందుకే.

కడ్డీని ఇంకా లాగితే ఆప్టికల్ ఫైబరు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కేబుళ్లు మన కరెంటు స్తంభాల మీదుగా పోతున్నాయి. వాటిలోని పోగు మందం 125 మైక్రాన్లు. 125 మిల్లీమీటర్ల లావు, మీటరు పొడవున్న కడ్డీని అంత సన్నగా లాగితే వెయ్యి కిలోమీటర్ల పోగు వస్తుంది. అత్తిలి నుంచి హైదరాబాద్ వెళ్లి తిరిగొచ్చినా ఇంకా మిగులుతుంది. అయితే ఆ కడ్డీ రాయి నుంచి రాదు. భూమిలోంచి తీసిన ఏ పలుగురాయీ అంత శుద్ధంగా ఉండదు. సిలికాన్ టెట్రాక్లోరైడ్ ఆవిరిని మంటలో సిలికా మసిగా మార్చే పద్ధతిని 1934లో కార్నింగ్ కంపెనీలో ఫ్రాంక్లిన్ హైడ్ కనిపెట్టాడు. ఫైబరు కడ్డీల తయారీకి మూలం అదే.

దీపాల గొట్టాలకు, నీటి తొడుగులకు మాత్రం రాయే ఆధారం. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనుల పట్టీలో తెల్లటి పలుగురాయి సిరలు బారులు తీరి ఉంటాయి. ఒకప్పుడు అభ్రకం కోసం తవ్వి ఆ రాయిని పక్కన పడేసేవారు, ఇప్పుడు దానికే గిరాకీ. రాయిని తవ్వగానే కొలిమిలో వేయరు. నలగ్గొట్టి, అయస్కాంతంతో ఇనుము తీసి, నురగలో తేలగొట్టి అభ్రకం, ఫెల్డ్‌స్పార్ వేరుచేసి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కడుగుతారు. చివరగా వెయ్యి డిగ్రీల పైన క్లోరిన్ వాయువును ఇసుకలోంచి పంపుతారు. సోడియం, పొటాషియం, ఇనుము క్లోరైడ్లుగా ఆవిరై పోతాయి. మనకు దగ్గర్లో కొవ్వూరు కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ ఉంది. ఉప్పునీటిని కరెంటుతో విడగొట్టే అలాంటి చోట కాస్టిక్‌తోపాటు క్లోరినూ వస్తుంది, హైడ్రోజనూ వస్తుంది. ఇసుకను కడగడానికి ఒకటి, కొలిమికి కాపలాగా ఇంకొకటి. రసాయనాల వరకు చూస్తే ఈ పరిశ్రమకు కావాల్సినవి గోదావరి గట్టుకు కొత్తవేం కావు.

క్లోరిన్ చేతకాని పని ఒకటుంది. రాయి పుట్టినప్పుడే కొన్ని సిలికాన్ల స్థానంలో అల్యూమినియం, టైటానియం కూర్చున్నాయి. అవి అల్లికలో భాగమైపోయాయి, ఏ కడుగుడుకూ రావు. అందుకే ఈ వ్యాపారంలో రాయి తెల్లదనానికి విలువ లేదు. అమెరికాలో నార్త్ కరోలినాలోని స్ప్రూస్ పైన్ అనే చిన్న ఊరి గనుల మీద ప్రపంచమంతా ఆధారపడటానికి కారణం అక్కడి రాయిలో అలాంటివి మరీ తక్కువ కావడమే. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఆ ఊరిని ముంచెత్తినప్పుడు చిప్పుల కంపెనీలు ఉలిక్కిపడ్డాయి. సిలికాన్ స్ఫటికాలు పెంచే మూసలు కూడా కరిగించిన క్వార్ట్జే మరి. ఒక సిర గొట్టానికి పనికొస్తుందా, గాజు బుడ్డికే సరిపోతుందా అన్నది పది లక్షల పాళ్లలో అల్యూమినియం ఎన్ని పాళ్లుందో ప్రయోగశాల కొలిచి చెప్పాలి. రెంటి ధరకూ పొంతన ఉండదు.