కరవది గిత్త కన్న మంద

ఖరగ్‌పూర్‌లో చెన్నై వైపు బండెక్కి, విజయవాడ దాటి ఇంకా కిందికి వెళ్లేవాళ్లు ఒంగోలు రాబోతోందని సామాన్లు సర్దుకునే వేళకి ఒక చిన్న స్టేషను వెనక్కి పోతుంది. పేరు కరవది. పెద్ద బండ్లు అక్కడ ఆగవు. ఖరగ్‌పూర్‌లోని మథురాకాటి, నింపురా తెలుగు రైల్వే కుటుంబాల్లో ఈ దారిన ఏళ్ల తరబడి తిరిగినవాళ్లకి కూడా ఆ బోర్డు గుర్తుండకపోవచ్చు. బ్రెజిల్‌లో నెలోర్ పశువుల వంశాలు ఎరిగిన ఆసామిని అడిగితే మాత్రం ఆ పేరు ఠక్కున చెబుతాడు. అక్కడ కరవది అంటే ఒక గిత్త.

1960ల మొదట్లో టోర్రెస్ ఓమెమ్ రోడ్రిగెస్ ద కున్యా అనే బ్రెజిల్ పశుపోషకుడు మన ఒంగోలు ప్రాంతం నుంచి ఓడెక్కించిన గిత్త అది. ఊరి పేరే దాని పేరైంది. 1960, 1962 విడతల్లో వెళ్లినవాటిలో గోదావరి, చేకూరపాడు, గోలియాస్, రస్తా అనే గిత్తలూ ఉన్నాయి. 1962లో వెళ్లిన మందను బ్రెజిల్ ప్రభుత్వం నేరుగా తీరానికి రానివ్వలేదు. అట్లాంటిక్ నడుమ ఫెర్నాండో ది నొరోన్యా దీవిలో విడిగా ఉంచింది. రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి 1921లో ఒకసారి ఆ దేశంలో కనిపించింది, ఆ భయం వాళ్లకి పోలేదు. దీవి దాటి ఒడ్డెక్కిన ఆ కొద్ది గిత్తల పేర్లే ఇవాళ నెలోర్ వంశావళుల మొదట్లో ఉంటాయి.

ఒంగోలు జాతికి బ్రెజిల్‌లో నెలోర్ అని పేరు రావడానికి కారణం, ఒకప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండటమే. అక్కడ ఈ జాతి కథ 1868లో మొదలైందంటారు, బహియా రేవులో ఆగిన ఓడ నుంచి అమ్ముడుపోయిన ఒక జతతో. 1878లో లెంగ్రూబెర్ అనే ఆసామి జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి ఇంకో జత కొనుక్కున్నాడు. ఆ దేశంలో పశువులు ఇప్పుడు 20 కోట్లకు పైనే. వాటిలో ఎక్కువ భాగం నెలోర్ జాతివో, నెలోర్ రక్తం కలిసినవో. ఇండియా నుంచి అన్ని జాతులూ కలిపి వెళ్లిన పశువులు మాత్రం ఏడు వేలకు అటూ ఇటుగానే. అంత కొద్ది పశువుల నుంచి ఇంత మంద ఎలా పుట్టింది?

గిత్తల వల్లే పుట్టింది. ఒక ఆవు తన జీవితకాలంలో ఈనేది పదో పన్నెండో దూడలు. గిత్త లెక్క వేరు. బ్రెజిల్ రైతులు తమ దగ్గరున్న యూరప్ మూలపు నాటు ఆవుల మీదికి ఒంగోలు గిత్తను తోలారు. పుట్టిన పెయ్యను మళ్లీ ఒంగోలు గిత్తకే కట్టారు. సగం, ముప్పావు, ఎనిమిదిలో ఏడు వంతులు... అయిదు తరాలు తిరిగేసరికి 32లో 31 వంతులు మన రక్తమే. శాస్త్రజ్ఞులు నెలోర్ ఆవుల తల్లివైపు డీఎన్ఏ చూస్తే ఈ కథంతా అందులో దొరికింది. ఆ డీఎన్ఏ చాలావరకు యూరప్ ఆవులది. పైన మూపురం, మెడ కింద గంగడోలు, తెల్లటి రోమాలు, ఎండకు తట్టుకునే ఒళ్లు తండ్రులవి.

గుర్రాల్లోనూ ఇలాంటి కథ ఉంది. పందెపు గుర్రాల జాతి థరోబ్రెడ్ మూడు మగ గుర్రాల నుంచి వచ్చిందని చెబుతారు: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గోడాల్ఫిన్ అరేబియన్. వీటిలో 1704లో సిరియాలోని అలెప్పో నుంచి ఇంగ్లండ్ చేరిన డార్లీ అరేబియన్‌దే సింహభాగం. దాని మునిమనవడి కొడుకు ఎక్లిప్స్ 1764లో పుట్టాడు. ఇప్పుడున్న థరోబ్రెడ్ మగ గుర్రాల్లో నూటికి 95 దాకా తండ్రివైపు ఆ వరసవే. అయితే థరోబ్రెడ్‌కి సహజ సంపర్కమే తప్ప మరో దారి ఒప్పుకోరు. గిత్తలకి ఆ కట్టడి లేదు. ఒకసారి సేకరించిన వీర్యాన్ని వందల మోతాదులుగా చేసి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచవచ్చు. చచ్చిపోయిన గిత్త కూడా తండ్రి అవుతూనే ఉంటుంది.

ఆ గిత్తల్ని తయారుచేసింది ఎవరు? గుండ్లకమ్మ, మూసీ ఏళ్ల నడుమ రేగడి నేలల రైతులు. వాళ్ల దగ్గర వంశావళి పుస్తకాలు లేవు, ఆంబోతు ఉండేది. ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు మంచి కోడెదూడను ఎంచి, తుంటి మీద అచ్చు వేసి, దేవుడి పేరున వదిలేవారు. పొట్టి కొమ్ములు, ఎత్తైన మూపురం, నడకలో సత్తా, తల్లి పాల వరస చూసి మరీ ఎంచేవారు. ఎవరి చేలో మేసినా కొట్టేవారు కాదు. ఊరి ఆవులన్నీ దానికే చూలు కట్టేవి. అచ్చోసిన ఆంబోతని ఇవాళ మనం తిట్టుకు వాడే మాట, నా దృష్టిలో, మన పల్లెలు నడిపిన అతి పెద్ద పశుసంవర్ధక ఏర్పాటు పేరు. ఖర్చు ఊరంతటిది, ఫలితం ఊరంతటిది. కరవది గిత్త వెనక ఆ ఎంపిక తరాల తరబడి ఉంది.

బ్రెజిల్ దానికి కాగితం జోడించింది. 1938లోనే మూపురం ఉన్న జెబు జాతులకు వంశనమోదు మొదలుపెట్టి, ఏ దూడకు తండ్రి ఎవరు, ఏ వయసుకి ఎంత బరువు అన్నది రాసుకుంటూ పోయింది. 2023లో వియాతినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటాయే దాదాపు 70 లక్షల రియాళ్లకు వేలంలో పోయింది. మొత్తం ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటినట్టు. ఆ వార్త చూసి మన పత్రికలు మురిసిపోయాయి. మురిసే హక్కు మనకుంది. కానీ బ్రెజిల్ అలా రాసుకుంటూ పోయిన కాలంలోనే ఇక్కడ ట్రాక్టరొచ్చి ఎద్దు పని పోయింది, పొగాకు వచ్చి బీడు పోయింది, పాల కోసం జెర్సీ వచ్చింది. ఆంబోతును వదిలే ఇల్లూ పోయింది.

మిగిలింది ఎక్కడంటే సంక్రాంతికి బండలాగుడు పోటీల బరిలో. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అంటూ పళ్లను బట్టి వయసు విభాగాలు కట్టి, గిత్తల్ని కన్నబిడ్డల్లా మేపే రైతులు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంకా ఉన్నారు. గుంటూరు దగ్గర లాం, నాగులుప్పలపాడు దగ్గర చదలవాడ పశుక్షేత్రాల్లోనూ ఒంగోలు మందలు నిలబడ్డాయి.

వాటి విలువ మన ఒక్కరికే కాదు. బ్రెజిల్ మందలో కరవది, గోదావరి లాంటి ఆరేడు పేర్లే తల్లివైపూ తండ్రివైపూ మళ్లీ మళ్లీ తగులుతుంటాయి. దగ్గరి రక్తం కలిసిన కొద్దీ చూలు నిలవకపోవడం, దూడ బలం తగ్గడం మొదలవుతుంది. అక్కడి జన్యుశాస్త్రజ్ఞులు ఈ ప్రమాదాన్ని చెబుతూనే ఉన్నారు. ఓడ ఎక్కని గిత్తల సంతతి ఉన్నది ఈ పల్లెల్లోనే. పోటీ బరిలో గెలిచిన ప్రతి గిత్తకీ తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ ఊరిది అని రాసి, దాని వీర్యాన్ని దాచి, పక్క ఊరి రైతుకి చేర్చే పని పశుసంవర్ధక శాఖకి పెద్ద ఖర్చూ కాదు, కొత్త విద్యా కాదు. జెర్సీ కోసం ఊరూరా తిరిగిన అదే ద్రవ నత్రజని క్యాన్లు దానికి చాలు.