కండరములోని భాస్వరము

నూతినుండి నీరు తోడునపుడు చేతి కండరములు బిగియుచు సడలుచుండును. ఆ పనికి వలయు శక్తి వానికెక్కడిది? ఈ ప్రశ్నకు బదులు వెదకినవారిలో ఒక తెలుగువారు ముఖ్యులు. వారు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1923లో అమెరికా చేరి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి పనిచేసిరి.

ఆ కాలమున కండరమును కోసి, ఆమ్లముతో నూరి పరీక్షించెడివారు. అందు భాస్వరము విడి ఫాస్ఫేటు రూపమున మిక్కుటముగ కనబడుచుండెను. భాస్వరమును రంగును బట్టి కొలుచు పద్ధతి నొకదానిని ఫిస్కే, సుబ్బారావులు 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతిచే కండరరసమును పరీక్షింపగా, రంగు వెంటనే రాక మెల్లమెల్లగ వచ్చెను. ఇతరులైనచో దీనిని లెక్కచేయక విడిచియుందురు. వీరు విడువలేదు. ఫాస్ఫేటు నిజమునకు క్రియేటిన్ అను పదార్థముతో కూడియున్నదనియు, ఆమ్లము సోకినపుడు విడిపోవుచున్నదనియు 1927లో తేల్చిరి. ఆ జంట పదార్థమే ఫాస్ఫోక్రియేటిన్. 1929లో ఏ.టి.పి.ని గూడ కండరమునుండి వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ గూడ దానిని కనుగొనెను. కండరము ఖర్చుపెట్టునది ఏ.టి.పి.; తరిగినదానిని తక్షణమే పూడ్చునది ఫాస్ఫోక్రియేటిన్.

అయినను బ్రతికియున్న మనుష్యుని చేతిలో ఇది ఎట్లు జరుగునో చూచుటెట్లు? భాస్వర పరమాణువు యొక్క కేంద్రకము మిక్కిలి చిన్న సూదంటురాయి వంటిది. బలమైన అయస్కాంతము నడుమ చేతినుంచి రేడియో తరంగములను పంపినచో, ఆ కేంద్రకములు మరల తరంగములనే బదులిచ్చును. విడి ఫాస్ఫేటు, ఫాస్ఫోక్రియేటిన్, ఏ.టి.పి. వేరువేరు స్థాయిలలో పలుకుటచే, కాగితముపై వేరువేరు శిఖరములుగ గీయబడును. కోత లేదు, నూరుట లేదు. ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు 1974లో ఎలుక కాలి కండరమును ఈ విధముగ పరిశీలించిరి. 1948లోనే గతించిన సుబ్బారావుగారు దీనిని చూడలేదు.

1981లో అక్కడివారే మెకార్డిల్ వ్యాధి కలదని అనుమానింపబడిన యొక రోగిని పరీక్షించిరి. ఈ వ్యాధిని 1951లో బ్రయన్ మెకార్డిల్ అను ఆంగ్ల వైద్యుడు వర్ణించెను. రోగి కండరములలో గ్లైకోజెన్ అను పిండిపదార్థము నిలువయుండును గాని, దానిని విడగొట్టు ఎంజైము ఉండదు. గాదె నిండుగనున్నను తాళపుచెవి లేనట్లే. కొలది శ్రమకే నొప్పి, బిగువు కలుగును. పైకేమియు కనబడకుండుటచే, చూచువారికది సోమరితనముగ తోచవచ్చును.

ఆరోగ్యవంతుడు చేతితో గట్టిగ శ్రమించినచో లాక్టిక్ ఆమ్లము పుట్టును; కండరమున పులుపు పెరిగి, ఫాస్ఫేటు శిఖరము తన స్థానమునుండి కొంత జరుగును. ఈ రోగి చేతిలో ఫాస్ఫోక్రియేటిన్ శిఖరము త్వరత్వరగ క్రుంగినది. కాని ఫాస్ఫేటు శిఖరము ఆ విధముగ జరుగలేదు. పిండిపదార్థము తాళము తీయబడక లోపలనే యుండిపోయినదని ఆ గీతలు తెలిపినవి.