ఫ్రేములో ఒదగాలి.. ముఖం సాగరాదు

దండ వేసి గోడకు తగిలించిన పెద్దల చిత్రపటాల్లో ముఖం వెడల్పుగానో, కోలగానో మారిపోయి కనిపించడం ఊరూరా ఉన్నదే. ఇంట్లో మిగిలింది ఆ ఒక్క ఫొటోయే అయితే తర్వాతి తరానికి ఆ మారిన రూపమే గుర్తుండిపోతుంది. చాలా సందర్భాల్లో లోపం ఫొటోది కాదు, దానిని ఫ్రేములో అమర్చిన తీరుది. ఫొటోషాప్, జింప్ వంటి సాఫ్ట్‌వేర్లలో కొద్దిపాటి జాగ్రత్తలు పాటిస్తే దీనిని నివారించవచ్చు.

కొలతల తేడాయే మూలం..

ప్రతి ఫొటోకు పొడవు, వెడల్పుల మధ్య ఒక నిష్పత్తి ఉంటుంది. సెల్‌ఫోన్‌తో తీసినవి ఎక్కువగా 4:3, డీఎస్ఎల్ఆర్ కెమెరాతో తీసినవి ఎక్కువగా 3:2 నిష్పత్తిలో ఉంటాయి. 12×8, 18×12 అంగుళాల ఫ్రేములు 3:2కు సరిపోతాయి. 10×8 ఫ్రేము నిష్పత్తి 5:4. రెండూ కలవనప్పుడు ఖాళీ నింపడానికి ఫొటోను ఒకవైపే లాగితే ముఖం సాగుతుంది. లాగడానికి బదులు అంచులను కత్తిరించాలి. 4000×3000 పిక్సెళ్ల ఫొటోను 18×12 ఫ్రేములో అమర్చితే పొట్టి వైపు 333 పిక్సెళ్లు, అంటే తొమ్మిదో వంతు తగ్గుతాయి. నిలువు చిత్రమైతే పక్కల, అడ్డం చిత్రమైతే పైన, కింద ఈ కోత పడుతుంది. అందుకే ఫొటో తీసేటప్పుడే మనుషుల చుట్టూ కొంత ఖాళీ వదలడం మేలు.

అమర్చే విధానం..

డిజిటల్ ఫ్రేము మధ్యభాగం పారదర్శకంగా ఉండాలి. పీఎన్‌జీ, పీఎస్‌డీ ఫైళ్లకు ఆ వీలుంది. జేపీజీకి లేదు. ఫ్రేము ఉన్న పొర కింద ఫొటో పొరను ఉంచి, కంట్రోల్, టి మీటలు కలిపి నొక్కి మూల పట్టుకుని పరిమాణం సరిచేయాలి. పాత ఫొటోషాప్‌లో నిష్పత్తి చెడకుండా షిఫ్ట్ మీట నొక్కి ఉంచాల్సి వచ్చేది. 2018 అక్టోబరులో విడుదలైన సీసీ 2019 నుంచి నిష్పత్తి దానంతటదే నిలుస్తోంది. ఇప్పుడు పాత అలవాటుతో షిఫ్ట్ నొక్కితేనే ముఖం సాగే ప్రమాదముంది. జింప్‌లో స్కేల్ చేసేటప్పుడు గొలుసు గుర్తు కలిసి ఉండేలా చూసుకోవాలి.

అండాకారం, హృదయాకారం వంటి గడుల్లో అమర్చేందుకు ఫొటోను చెరపనవసరం లేదు. ఆకారంపై ఫొటో పొరను ఉంచి క్లిప్పింగ్ మాస్క్ వాడితే మిగతా భాగం కనిపించకుండా పోతుందే తప్ప చెరిగిపోదు. తర్వాత జరిపి సరిచేసుకోవచ్చు. జింప్‌లో లేయర్ మాస్క్‌తో ఇదే పని జరుగుతుంది.

స్పష్టత తగ్గకుండా..

ముద్రణకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే మంచిది. ఆ లెక్కన 12×8 అంగుళాలకు 3600×2400 పిక్సెళ్లు కావాలి. దూరం నుంచి చూసే గోడ పటానికి 200 ఉన్నా సరిపోతుంది. పొడవు 1600 పిక్సెళ్లే ఉన్న ఫొటోను 18 అంగుళాలకు పెంచితే అంగుళానికి 89 మాత్రమే మిగిలి ముఖం మసకబారుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే పరిమాణం తగ్గే అవకాశం ఉన్నందున స్టూడియోకు డాక్యుమెంటు రూపంలో పంపడం ఉత్తమం. 45 మిల్లీమీటర్ల ఎత్తున్న పాత పాస్‌పోర్టు ఫొటోను 1200 డీపీఐతో స్కాన్ చేస్తే ఎత్తులో సుమారు 2100 పిక్సెళ్లు లభిస్తాయి. సెల్‌ఫోన్‌తో ఏటవాలుగా ఫొటో తీయడం కంటే ఇది నయం.

ముద్రణకు ముందు..

అసలు ఫైలును మార్చకుండా వేరుగా భద్రపరచాలి. పొరలున్న పీఎస్‌డీని దాచుకుని, ముద్రణకు జేపీజీ నకలు ఇవ్వాలి. చట్రం అంచు కొంత భాగాన్ని కప్పేస్తుంది కాబట్టి పేరు, తేదీలు అంచుకు దగ్గరగా రాయరాదు. చివరగా ఎదురుగా చూస్తున్న ముఖంలో నుదుటి గుండ్రని బొట్టునో, కనుపాపలనో పరిశీలించాలి. అవి కోలగా కనిపిస్తే ఫొటో సాగిందని గ్రహించి, ముద్రణకు ఇవ్వక ముందే సరిచేయించుకోవాలి.