దుమ్మా, క్రిమా? తెమడే చెప్పాలి

బొగ్గుబాయిలో షిఫ్టు ముగించుకుని పైకొచ్చిన మనిషి ఉమ్మితే నల్లగా పడుతుంది. రామకృష్ణాపూర్, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని కాలనీల్లో ఇది ఎవరికీ వింత కాదు. తట్టా చెమ్మస్ (పార)తో బొగ్గెత్తిన పాతతరానికీ తెలుసు, యంత్రాలతో తవ్వుతున్న ఇప్పటివాళ్లకీ తెలుసు. శ్వాసనాళాల లోపలి గోడకు కంటికి కనబడనంత సన్నని నూగు ఉంటుంది, దాని మీద జిగురు పొర. పీల్చిన దుమ్ము ఆ జిగురుకు అంటుకుంటుంది. నూగు గాలికి ఊగే వరిచేనులా ఒకే దిక్కుకు ఊగుతూ ఆ జిగురును గొంతు దాకా నెట్టుకొస్తుంది. షిఫ్టు దిగాక పడే నల్లని తెమడ అంటే ఊపిరితిత్తి తన ఇల్లు తాను ఊడ్చుకుంటోందన్నమాట.

చిక్కంతా ఆ నలుపు అలవాటైపోవడంలో ఉంది. దగ్గు నెల దాటినా, సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతున్నా, ప్యాంటు నడుము దగ్గర వదులవుతున్నా ‘బాయి దుమ్మేలే’ అని సరిపెట్టుకుంటారు. ఆ దగ్గు వెనక ఉన్నది దుమ్ము కాక క్షయ అయితే, ఆ నెల రోజుల్లో ఇంట్లో పిల్లలు కూడా అదే గాలి పీలుస్తుంటారు.

దుమ్మూ క్షయా ఒకే ఊపిరితిత్తిలో కలుసుకోవడం యాదృచ్ఛికం కాదు. పెద్ద రేణువులు ముక్కులోనో, పెద్ద నాళాల్లోనో ఆగిపోతాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. సుమారు 5 మైక్రాన్ల లోపు రేణువులే చిట్టచివరి గాలిగదుల దాకా వెళ్తాయి. క్షయరోగి దగ్గినప్పుడు ఎగిరే తుంపరలు ఆరిపోయి గాలిలో తేలే కణాలూ దాదాపు అదే సైజు. ఒకే దారిన వచ్చి ఒకే గదిలో దిగుతాయి. అక్కడ నూగు లేదు, ఊడ్చేవాళ్లు లేరు. ఉన్నదల్లా చెత్తను మింగే కాపలా కణం, మాక్రోఫేజ్. బొగ్గు రేణువును మింగి అది చాలాకాలం బతుకుతుంది. సిలికా రేణువును మింగితే మాత్రం తానే చచ్చిపోతుంది. క్షయ క్రిమిని అదుపులో పెట్టాల్సింది కూడా ఈ కణమే. అందుకే సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే ముప్పు ఇతరుల కన్నా సుమారు మూడు రెట్లు ఎక్కువ.

గోదావరి లోయలో బొగ్గు పొరలు ఇసుకరాతి పొరల నడుమ ఉంటాయి. ఇసుకరాయి అంటే సిలికానే. గని కప్పుకు బోల్టులు బిగించడానికి రాతిలో రంధ్రాలు వేసినప్పుడూ, రాతిలోంచి దారి తొలిచినప్పుడూ, ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది రాతిని పేల్చి తీసినప్పుడూ లేచే దుమ్ము నల్లగా ఉండదు. చూడటానికి అంత భయపెట్టదు. ఎక్కువ కీడు చేసేది అదే.

గని కార్మికుడికి కొలువులో చేరేటప్పుడూ, తర్వాత నిర్ణీత కాలానికోసారీ వైద్య పరీక్ష జరపాలని గనుల నిబంధనలు చెబుతున్నాయి. పీఎంఈ అని అందరికీ తెలిసిన ఈ పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అది అవసరమే, కానీ ఇక్కడి ఊపిరితిత్తుల విషయంలో ఎక్స్‌రే ఒక్కటే చాలదు. దుమ్ము వల్ల ఏర్పడే పెద్ద గడ్డలు సాధారణంగా ఊపిరితిత్తి పైభాగంలో వస్తాయి. పెద్దవాళ్లలో క్షయ కూడా ఎక్కువగా పైభాగాన్నే పడుతుంది. రెండూ ఎక్స్‌రేలో తెల్లని మచ్చలే. ఎంత అనుభవమున్న డాక్టరైనా ఆ నీడను చూసి ఇది దుమ్ము, ఇది క్రిమి అని ఒట్టేసి చెప్పలేరు. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు కూడా. అందుకే అంటాను, గనుల ఊళ్లలో ఎక్స్‌రే ప్రశ్న వేస్తుంది, జవాబు తెమడ దగ్గరే ఉంటుంది.

తెమడ అన్నానే గానీ ఉమ్మి అనలేదు. కొన్ని చోట్ల కళ్లె అనీ, గళ్ల అనీ అంటారు. ఉమ్మి నోట్లో ఊరేది, తెమడ ఛాతీలోంచి వచ్చేది. ల్యాబ్‌కు చేరే నమూనాల్లో ఉత్త ఉమ్మి తక్కువేం కాదు. న్యుమోనియా కోసం పరీక్షించేటప్పుడు ముందుగా స్లైడును తక్కువ పెద్దగా చూపే కటకం కింద పెట్టి రెండు రకాల కణాలను లెక్కపెడతారు. నోటి పొర నుంచి రాలిన చదునైన కణాలు ఒక్కో వీక్షణంలో 10 దాటితే అది నోటి సరుకు. చీము కణాలు 25 దాటితే లోతునుంచి వచ్చింది. నోటి సరుకును కల్చర్‌కు వేస్తే నోట్లో మామూలుగా ఉండే సూక్ష్మజీవులే పెరుగుతాయి. వాటికి మందు రాస్తే లేని రోగానికి మందు వేసినట్టే.

బొగ్గు గని కార్మికుడి నమూనాలో ఇంకొక గుర్తు ఉంటుంది. బొగ్గు రేణువులను కడుపు నిండా మింగిన మాక్రోఫేజ్‌లు స్లైడు మీద నల్లని చుక్కలతో కనబడతాయి. అవి ఉండేది గాలిగదుల్లో. కాబట్టి ఆ నల్లని కణం కనబడిందంటే నమూనా ఊపిరితిత్తి అడుగునుంచే వచ్చిందని సాక్ష్యం. ఏళ్ల తరబడి మనిషిని కష్టపెట్టిన దుమ్ము రోగనిర్ధారణకు ఈ కాస్త మేలు చేస్తుంది.

న్యుమోనియా క్రిములను గుర్తించే గ్రామ్ రంజనం పుట్టింది ఊపిరితిత్తుల్లోనే. డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో బెర్లిన్‌లో న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కల్లో క్రిములు విడిగా కనబడాలని రంగులు వేస్తూ దాన్ని కనిపెట్టాడు. కొన్ని ఊదా రంగు పట్టుకుంటాయి, కొన్ని వదిలేస్తాయి. తొలి మందు ఎంచుకోవడంలో ఇవాళ్టికీ ఆ చిన్న తేడా తోడ్పడుతుంది. క్షయ క్రిమి ఈ రంజనానికి సరిగా లొంగదు. దాని గోడలో మైనం లాంటి కొవ్వు దట్టంగా ఉంటుంది. స్లైడు మీద కార్బాల్ ఫ్యూక్సిన్ అనే ఎర్ర రంగు పోసి ఆవిరి వచ్చేదాకా వేడి చేస్తే ఆ మైనంలోకి రంగు ఎక్కుతుంది. ఆ తర్వాత 25 శాతం గంధకామ్లంతో కడిగినా ఈ క్రిమి రంగు వదలదు, మిగతావి దాదాపు అన్నీ వదిలేస్తాయి. చివర నీలం రంగు వేస్తే నీలి పొలంలో ఎర్రని సన్నపుల్లలు. వంద చోట్ల వెతికినా ఒక్కటీ దొరక్కపోతేనే నెగెటివ్ అని రాయాలి. రాబర్ట్ కోచ్ ఈ క్రిమిని లోకానికి చూపింది 1882 మార్చి 24న, అదీ బెర్లిన్‌లోనే.

సూక్ష్మదర్శినికి ఒక పరిమితి ఉంది. మిల్లీలీటరు తెమడలో 5,000 నుంచి 10,000 క్రిములైనా ఉంటేగానీ కంటికి దొరకవు. సీబీనాట్ యంత్రం ఈ లెక్కను మార్చింది. అది క్రిమి జన్యువును వెతికి, దొరికిన తునకను లక్షల ప్రతులుగా పెంచి పట్టుకుంటుంది. మిల్లీలీటరుకు 130 క్రిములున్నా చాలు. దాని తర్వాత వచ్చిన అల్ట్రా కార్ట్రిడ్జ్‌కు 16 చాలు. రెండు గంటల్లో ఫలితం వస్తుంది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. ఇలాంటిదే, గోవాలో తయారవుతున్న ట్రూనాట్ యంత్రం బ్యాటరీతో నడుస్తుంది, ఏసీ గది అడగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దాన్ని ఆమోదించింది. చిన్న ఊళ్ల ఆస్పత్రులకు ఇంతకన్నా పనికొచ్చే పరికరం ఈ మధ్య రాలేదని నా నమ్మకం.

అయితే జన్యుపరీక్ష చచ్చిన క్రిమిని కూడా పట్టుకుంటుంది. ఒకసారి మందులు పూర్తిగా వాడినవారిలో అది పాజిటివ్ చూపినంత మాత్రాన రోగం తిరగబెట్టిందని చెప్పలేం. బతికున్న క్రిమి కావాలంటే కల్చర్ చేయాల్సిందే. మామూలు సూక్ష్మజీవులు అరగంటలోపే రెండింతలవుతాయి కాబట్టి ఒకటి రెండు రోజుల్లో పెరుగుతాయి. క్షయ క్రిమి రెట్టింపవడానికి 15 నుంచి 20 గంటలు పడుతుంది. గుడ్డుతో చేసిన ఘన మాధ్యమంలో అది గుంపుగా కనబడటానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి ఎనిమిది వారాల దాకా ఆగాలి.

తెమడ రానివారికీ దారులున్నాయి. 3 శాతం ఉప్పునీటిని సన్నని తుంపరగా పీల్పిస్తే చాలామందికి దగ్గుతో తెమడ తెగుతుంది. చిన్నపిల్లలు తెమడను మింగేస్తారు కాబట్టి పొద్దున్నే పరగడుపున పొట్టలోంచి గొట్టంతో తీస్తారు. అదీ కుదరకపోతే బ్రాంకోస్కోప్‌తో నాళం లోపలికి వెళ్లి సెలైన్‌తో కడిగి నీరు తీస్తారు.

మంచి నమూనా ఇవ్వడం మాత్రం రోగి చేతిలో పని. తెల్లవారి లేవగానే, ఏమీ తినకముందు, ఉత్త నీళ్లతో నోరు పుక్కిలించాలి. ఆరుబయట, ఎవరూ దగ్గర లేని చోట నిలబడి రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి కాసేపు నిలపాలి. ఛాతీ లోతునుంచి దగ్గి వచ్చినదాన్ని డబ్బాలో పట్టి మూత బిగించాలి. చిక్కగా రెండు మిల్లీలీటర్లు వస్తే చాలు. అది నల్లగా ఉందని సిగ్గుపడి పారబోయొద్దు, ఆ నలుపులోనే ఎర్రని క్రిమి దాక్కుని ఉండవచ్చు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో క్షయ పరీక్షా మందులూ ఉచితం. చికిత్స సాగినంత కాలం పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు ఇస్తారు. 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేది.

ఇక రిటైరైనవాళ్ల మాట. కొలువుతో పాటే పీఎంఈ కూడా ఆగిపోతుంది, కానీ ఊపిరితిత్తిలో చేరిన సిలికా ఎటూ పోదు. దుమ్ములోంచి బయటికొచ్చిన ఎన్నో ఏళ్లకు కూడా క్షయ ముప్పు అలాగే ఉంటుంది. రామకృష్ణాపూర్‌లోనో, మందమర్రిలోనో, బాయి పని వదిలి సొంతూరికి పోయిన ఇంట్లోనో అరుగు మీద కూర్చుని రెండు వారాలుగా దగ్గుతున్న పెద్దాయన మీ నాన్నో, మీ మామో అయితే, ఆయన ‘దుమ్మేలే బిడ్డా’ అన్నా వినకండి. రేపు పొద్దున్నే ఆ డబ్బా చేతికిచ్చి, తెమడ పట్టించి, మీరే ఆస్పత్రికి తీసుకెళ్లండి.