దురద తగ్గాలంటే చర్మానికి తేమ కావాలి

రాత్రంతా బిడ్డ మోచేతి మడతలు, మోకాళ్ల వెనుక భాగం గోక్కుంటూ ఉంటే ఇంటిల్లిపాదికీ నిద్ర కరువవుతుంది. పెద్దలు దానిని గజ్జి అనో, తామర అనో తలచి మందుల దుకాణానికి పరుగెత్తుతారు. అది అటోపిక్ డెర్మటైటిస్ అయితే అంటువ్యాధి కానే కాదు. ఆ బిడ్డను తోటి పిల్లలకు దూరంగా ఉంచడం అన్యాయం.

ఈ వ్యాధిలో చర్మపు పై పొర బలహీనంగా ఉంటుంది. లోపలి తేమ ఆవిరైపోతుంది. సబ్బు, దుమ్ము, క్రిములు లోనికి చొరబడి దురదను రేపుతాయి. గోకినకొద్దీ ఆ పొర మరింత దెబ్బతింటుంది. ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్‌కు చెందిన జన్యులోపం కొందరిలో దీనికి ముఖ్య కారణమని 2006లో వెల్లడైంది.

కనుక మాయిశ్చరైజర్‌ను సౌందర్య సాధనంగా చూడరాదు. అది చికిత్సలో భాగం. గోరువెచ్చని నీటితో అయిదు పది నిమిషాలలో స్నానం ముగించి, తువాలుతో రుద్దక మెల్లగా అద్ది, ఒంటిపై చెమ్మ ఆరకముందే రాయాలి. రోజుకు కనీసం రెండుసార్లు రాయాలి. ఉజూ చేసిన పిదప చేతులకు, ముఖానికి, పాదాలకు మళ్లీ రాసుకోవడం మేలు.

మన ఇళ్లలో పొదుపు పాటించేది సరిగ్గా ఇక్కడే! బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు పిల్లలకు వారానికి 250 నుండి 500 గ్రాములు సూచిస్తుండగా, మనం చిన్న ట్యూబును నెలంతా సరిపెడతాము. ఖరీదైనదే కొనాలన్న నియమమేమీ లేదు. సువాసనలు కలపని పెట్రోలియం జెల్లీ చవకైనది, తేమను చక్కగా నిలుపుతుంది. డబ్బాలో వేళ్లు ముంచక శుభ్రమైన చెంచాతో తీసుకోవాలి.

జైతూన్ నూనె సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. ఆహారంగా అది శ్రేష్ఠమైనదే. కాని అందులో అధికంగా ఉండే ఓలియిక్ ఆమ్లం ఇటువంటి చర్మపు రక్షణ పొరను మరింత సడలిస్తుంది. ప్రేమతో చేసే మర్దనయే బిడ్డకు బాధ కలిగించవచ్చు.

చర్మం ఎర్రబడి వాచినప్పుడు తేమ ఒక్కటే చాలదు. వైద్యుడు సూచించిన స్టెరాయిడ్ లేపనాన్ని చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడటానికి భయపడనక్కరలేదు. స్వయంగా కొని నెలల తరబడి పూయడమే ప్రమాదకరం. పసుపు రంగు పెచ్చులు, చీము, జ్వరం కనిపిస్తే ఆలస్యం చేయరాదు.

ఈ లేపనాలు ఇంకిన బట్టలకు నిప్పు త్వరగా అంటుకుంటుంది. అవి ధరించిన బిడ్డను పొయ్యి దగ్గరకు రానీయకండి.