అడక్కుండా వచ్చే నీళ్ళు, అడిగితేనే వచ్చే బిల్లు

మా వియ్యంకుడుగారికి కోపం రావడం నేను మొట్టమొదట చూసింది మధ్యధరా సముద్రం మీద, ఒక మంచినీళ్ళ సీసా దగ్గర.

2018 అక్టోబరు నాటి మాట ఇది. మా అమ్మాయి అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంటుంది. అల్లుడు అక్కడి అబ్బాయే. వియ్యంకుడుగారు తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. వియ్యపురాలు బడి లైబ్రరీలో పనిచేశారు. పెళ్ళినాటి నుంచీ నేను వాళ్ళను మన పద్ధతిలో ‘అన్నయ్యగారూ, వదినగారూ’ అనే పిలుస్తాను. ఆ పిలుపులకి అర్థం అల్లుడు చెప్పాక ఇద్దరూ మురిసిపోయారు. వాళ్ళు మాత్రం నన్ను పేరు పెట్టే పిలుస్తారు. అది వాళ్ళ ఆప్యాయత అని నాకు బోధపడడానికి కొంతకాలం పట్టింది.

వాళ్ళ పెళ్ళయి నలభై అయిదేళ్ళు నిండిన సందర్భంగా పిల్లలు ఒక ఇటలీ కంపెనీ ఓడలో ఏడు రాత్రుల ప్రయాణం ఏర్పాటు చేసి, నన్ను కూడా రమ్మన్నారు. మావారు మోకాళ్ళ నొప్పులతో బరంపురంలోనే ఉండిపోయారు. రోముకి గంటకు పైగా ప్రయాణం చేస్తే చివితావెక్కియా రేవు వస్తుంది. అక్కడ ఎక్కి జెనోవా, మార్సే, బార్సిలోనా, పాల్మా, పలెర్మో చూసుకుని మళ్ళీ అక్కడికే రావడం. నాకు ఓడ కొత్త. వాళ్ళిద్దరికీ కాదు. ఫ్లారిడా నుంచి కరీబియన్ దీవులకు అమెరికా కంపెనీల ఓడల్లో నాలుగుసార్లు వెళ్ళొచ్చారు. “నీకేం భయం లేదు, మాకన్నీ తెలుసు” అని వదినగారు నాకు ధైర్యం చెప్పారు. తీరా చూస్తే ఆ ‘అన్నీ తెలుసు’ అన్నదే చిక్కు తెచ్చిపెట్టింది.

అయిదు భాషల ఓడ

ఎక్కిన సాయంత్రమే ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే కవాతు పెట్టారు. లైఫ్ జాకెట్లు వేసుకుని అందరం వరసగా నిలుచున్నాం. మైకులో ఇటాలియన్ మొదలైంది. తరువాత ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్. ఒకే మాట అయిదుసార్లు. వదినగారికి ఓపిక నశించింది. “మేమెక్కిన ఓడల్లో అయిదు నిమిషాల్లో అయిపోయేది” అన్నారు. మర్నాడు జెనోవాలో కొత్తగా ఎక్కినవాళ్ళకి మళ్ళీ అదే కవాతు. అమెరికాలో సాధారణంగా అందరూ ఒకే రేవులో ఎక్కి అక్కడే దిగుతారు. ఇక్కడ మన పాసింజరు రైల్లాగా ప్రతి రేవులోనూ కొంతమంది ఎక్కుతూ, కొంతమంది దిగుతూ ఉంటారు.

అప్పుడు అల్లుడు చెప్పాడు. 2012 జనవరి 13న కోస్టా కాంకోర్డియా అనే పెద్ద ఓడ ఇదే చివితావెక్కియా నుంచి బయలుదేరి, ఆ రాత్రే జీల్యో ద్వీపం దగ్గర రాయికి కొట్టుకుని ఒరిగిపోయింది. నాలుగు వేలకు పైగా ఉన్న జనంలో 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి కవాతు ఇంకా జరగలేదు. ఇరవై నాలుగు గంటల్లోగా జరిపితే చాలునని అప్పటి నిబంధన. ఆ తరువాతే అంతర్జాతీయ నిబంధన మార్చి, ఓడ కదిలే ముందే గానీ, కదిలిన వెంటనే గానీ జరిపి తీరాలన్నారు. 2015 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. ఇది విన్నాక వదినగారు మళ్ళీ విసుక్కోలేదు. కానీ మెల్లిగా నాతో, “ఇంగ్లీషు రెండోది అవడం నాకిదే మొదటిసారి” అన్నారు.

నాకు నవ్వొచ్చింది. మా తాతగారు 1936 మార్చి 31 రాత్రి మద్రాసు రాజధానిలో పడుకుని, తెల్లారి ఒరిస్సాలో లేచారని మా ఇంట్లో ఒక హాస్యం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు, సినిమాకి హిందీ. మన భాష వంతు వచ్చేదాకా ఆగడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పాలా?

నీళ్ళకి డబ్బులా?

ఇక ఆ రాత్రి భోజనం. ఒహాయోలో వాళ్ళు సాయంత్రం ఆరింటికల్లా భోంచేస్తారు. ఓడలో మాకు దొరికింది తొమ్మిదింటి పంక్తి. పక్క బల్ల దగ్గర స్పెయిన్ కుటుంబంలో నాలుగేళ్ళ పాప పదిన్నరకి కూడా హుషారుగా ఆడుకుంటోంది. “ఆ పిల్లని ఈపాటికి పడుకోబెట్టాలి” అని వదినగారు బాధపడ్డారు. ఆ పాప తల్లి మాత్రం అమ్మమ్మా తాతయ్యా అందరూ కూర్చున్న చోట పిల్లనొక్కదాన్ని గదిలో ఎలా పడుకోబెడతారన్నట్టు ఉంది.

అమెరికాలో కూర్చోగానే గాజు గ్లాసులో సగం మంచుముక్కలు, సగం నీళ్ళు అడక్కుండానే వస్తాయి. తాగుతుంటే నింపుతూనే ఉంటారు. ఇక్కడ వెయిటరు వచ్చి, “గ్యాస్ నీళ్ళా, మామూలు నీళ్ళా?” అని అడిగాడు. అన్నయ్యగారు మామూలువే అన్నారు. సీసా వచ్చింది. దాంతోపాటు సంతకం పెట్టమని మూడు యూరోల చీటీ వచ్చింది.

“నీళ్ళకి డబ్బులా?” అన్నారు ఆయన. గొంతు పెద్దదయింది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. మా అమ్మాయి తల దించుకుంది. సంగతేమంటే ఇటలీలో హోటల్లో నీళ్ళంటే సీసా నీళ్ళే. కూరా రొట్టే ఎంచుకున్నట్టే నీళ్ళు కూడా ఎంచుకుంటారు. అందులో మోసమేమీ లేదు. కానీ ఆయనకి మాత్రం గడప దగ్గరే అవమానం జరిగినట్టయింది. నిజమే మరి, ఇంటికొచ్చినవాడికి ముందు మంచినీళ్ళివ్వడం మనకీ మర్యాదే కదా! ఆ క్షణాన నాకూ ఆయన వైపే న్యాయం కనిపించింది.

మర్నాడు జెనోవాలో దిగి ఊరు చూసి ఒక చిన్న హోటల్లో భోంచేశాం. తినడం అయిపోయి అరగంటైనా బిల్లు రాలేదు. వెయిటరు మా వైపే రాడు. “ఎంత నిర్లక్ష్యమో చూశారా?” అన్నారు అన్నయ్యగారు. చివరికి అల్లుడు లేచి వెళ్ళి అడిగితే ఆ ముసలి వెయిటరు ఆశ్చర్యపోయాడు. తినేవాళ్ళ ముందు అడగకుండా బిల్లు పెట్టడమంటే ‘ఇక లేవండి’ అన్నట్టేనట. అమెరికాలోనేమో వెంటనే బిల్లు తెచ్చిపెట్టడమే మర్యాద. మీ సమయం వృథా చేయనని చెప్పడం అది. ఆ బిల్లులో తలకింతని ‘కోపెర్తో’ పేరుతో కూర్చున్నందుకు కూడా కొంత వేశారు. అక్కడి చాలా హోటళ్ళలో అది మామూలే. అన్నయ్యగారు దాన్ని కూడా మనసులో రాసిపెట్టుకున్నారు.

అల్లుడి మాటలో కొన్ని చిన్న విషయాలు కూడా తెలిశాయి. ఇటలీవారు కాపుచినో ఎక్కువగా పొద్దున పూటే తాగుతారు. రాత్రి భోజనం తరువాత అడిగితే ఇస్తారు గానీ, అన్నం తిన్నాక పాలగ్లాసు అడిగినట్టు చూస్తారు. లిఫ్టులో వదినగారు ఎవరిని చూసినా నవ్వి “ఎలా ఉన్నారు?” అనేవారు. జర్మన్ దంపతులు ఒక్క పలకరింపుతో సరిపెట్టి గోడ చూసేవారు. అంతా అయ్యాక ఒకనాడు ఆ జర్మన్ ఆవిడే మెట్ల మీద వదినగారి చేయి పట్టుకుని దింపింది. నవ్వు లేదని మంచితనం లేదనుకోకూడదు కదా.

పది యూరోల పంతం

పాల్మా నుంచి పలెర్మోకి వెళ్ళేటప్పుడు ఒక రోజంతా సముద్రం మీదే. ఆ పొద్దున అన్నయ్యగారు ఇంతవరకూ అయిన ఖర్చుల కాగితం తెప్పించుకున్నారు. అందులో సర్వీసు చార్జీ అని రోజుకి మనిషికి పది యూరోలు. ఇద్దరికీ ఏడు రోజులకి నూట నలభై. నీళ్ళ కోపం, కోపెర్తో కోపం అన్నీ అక్కడికొచ్చి కూడాయి. “వద్దంటే తీసేస్తారట. మధ్యాహ్నం వెళ్ళి తీయించేస్తాను. నాకు నచ్చినవాడి చేతికి నేనే ఇస్తాను” అన్నారు.

ఆయన పిసినారి కాదు. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం, టిప్పులు వచ్చే పనివాడికి యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి గంటకి 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచీ అంతే. మిగతాది గిరాకీలు ఇచ్చే టిప్పులతో పూడాలి. చాలా రాష్ట్రాల్లో ఇంతకన్నా ఎక్కువే ఉన్నా, టిప్పు ఇవ్వకపోవడమంటే అక్కడ మనిషి పొట్ట కొట్టడమే. అందుకే ఆయన ఎక్కడికెళ్ళినా చేతికి నోటు ఇస్తారు. ఐరోపాలో జీతం జీతమే. టిప్పు ఇష్టమైతే ఇచ్చేది. ఓడలో ఆ రెండూ కాని మూడో పద్ధతి.

దాని సంగతి నాకు ముందే తెలిసింది. మా గదులు శుభ్రం చేసే కుర్రాడు రెండో రోజున నా సంచిలో ఆవకాయ సీసా చూసి, “తెలుగోళ్ళా అమ్మా?” అన్నాడు. పలాస దగ్గర పల్లెట. మా బరంపురానికి రైల్లో గంటన్నర కూడా కాదు! ఇంట్లో చెల్లి పెళ్ళి అప్పు ఉందన్నాడు. టిప్పుల మాట వచ్చినప్పుడు, “అమ్మా, చేతికిచ్చేది నాకొక్కడికే. ఆ లెక్కలో పడింది కింద గిన్నెలు కడిగేవాడి దాకా వెళ్తుంది. వాళ్ళు మీకు కనబడరు కదా!” అన్నాడు.

ఇప్పుడేం చేయాలి? నేను పిల్లనిచ్చిన దాన్ని. వియ్యంకుడికి తప్పు చెప్పే అలవాటు మన ఇళ్ళలో లేదు. అమ్మాయి కళ్ళతోనే ‘ఊరుకో అమ్మా’ అంటోంది. వాళ్ళ పెళ్ళిరోజు ప్రయాణం, నేను వాళ్ళ ఖర్చుమీద వచ్చిన మనిషిని. ఊరుకుంటే ఆ పలాస కుర్రాడి మొహం చూడలేను. గంటసేపు డెక్కు మీద అటూ ఇటూ తిరిగి, చివరికి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను.

“అన్నయ్యగారూ, 2015లో నేను మొదటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు, కాఫీ తాగుతావా, ఏమైనా తింటావా అని అడిగారు. గుర్తుందా?”

“ఆ. వద్దన్నావు.”

“మా ఊళ్ళో మొదటిసారి ఎవరైనా వద్దనే అంటారు. రెండోసారి, మూడోసారి బలవంతం చేస్తే అప్పుడు పుచ్చుకుంటాం. మీరు ‘సరే’ అని పేపరు చదువుకున్నారు. విమానంలో నాకు తిండి సహించలేదు. ఆ రాత్రి ఆకలితో పడుకుని, వీళ్ళకి మర్యాద తెలియదు, నా పిల్ల ఎలా బతుకుతుందో అని ఏడ్చాను. మూడేళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు.”

ఆయన మొహం పాలిపోయింది. చాలాసేపు సముద్రం వైపే చూశారు. “వద్దన్న మనిషిని మళ్ళీ అడిగితే, నీ మాటకి విలువ ఇవ్వనట్టవుతుందని అడగలేదు. మా అమ్మ నాకలా నేర్పింది” అన్నారు.

“అదే నేను చెప్పబోయేది కూడా. మీరు మర్యాదే చేశారు. నాకది చదవడం రాలేదు. ఆ నీళ్ళ సీసా తెచ్చిన పిల్లవాడు, జెనోవాలో బిల్లు తేని ముసలాయన కూడా అంతే కదా?” అని, పలాస కుర్రాడు చెప్పిన లెక్క కూడా చెప్పాను. ఆయన జవాబివ్వలేదు. లేచి లోపలికి వెళ్ళారు. సాయంత్రం దాకా నా గుండె పీచుపీచుమంటూనే ఉంది.

తీయించలేదు. దిగేనాటి కాగితంలో ఆ నూట నలభై అలాగే ఉంది. పైగా ఆ కుర్రాడి చేతికి ఒక కవరు కూడా ఇచ్చారని తరువాత తెలిసింది.

మన పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళెన్నో. వాళ్ళతో గానీ, వియ్యాలవారితో గానీ ఐరోపా ఓడ ఎక్కే అవకాశం మీకూ రావచ్చు. నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవారికి అక్కర్లేకపోయినా, మనకి షెంజెన్ వీసా నాకు కావలసి వచ్చినట్టే కావాలి. చాలా ముందే చూసుకోండి. భోజనం వేళ, నీళ్ళ ధర, సర్వీసు చార్జీ టిక్కెట్టు కొనేటప్పుడే అడిగి ఇంట్లో అందరికీ చెప్పండి. కోపాల్లో సగం ముందుగా తెలియకపోవడం వల్లే వస్తాయి. మందులు వేసుకునే పెద్దవాళ్ళుంటే తొమ్మిదింటి పంక్తి కాకుండా మొదటి పంక్తి అడగండి. కవాతుకి మాత్రం ఎన్ని భాషలైనా విసుక్కోకుండా మీకు తెలిసిన భాష వచ్చేదాకా నిలబడి వినండి.

ఆఖరి రాత్రి అన్నయ్యగారే వెయిటరుని పిలిచి, “గ్యాస్ నీళ్ళు, పెద్ద సీసా” అన్నారు. భోజనమయ్యాక నా వైపు తిరిగి, “కాఫీ?” అన్నారు.

అలవాటు కొద్దీ, “వద్దండీ” అనేశాను.

“ఇది రెండోసారి అడగడం” అన్నారు ఆయన వేళ్ళు చూపిస్తూ. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. మూడోసారి దాకా రానివ్వకుండా తెప్పించుకుని తాగాను. చిన్న కప్పులో రెండు గుక్కలు, చేదుగా ఉంది. బాగుంది.